హాల్లో కూర్చున్న అడ్వాన్సు

మా ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గానీ, అన్నిటికన్నా పెద్దది ఆయన మంచితనం. తాగరు, పేకాడరు, గొంతు పెంచరు. పోట్లాడదామంటే ఎక్కడా పట్టు దొరకదు, తడిసిన సబ్బుతో కుస్తీ పట్టినట్టుంటుంది. అడిగినవాళ్ళకి లేదనడం చిన్నప్పుడు ఆయనకెవరూ నేర్పలేదు. ఆరేళ్ళుగా నేను నేర్పుతున్నాను. విద్యార్థి బుద్ధిగా వింటాడు, పరీక్ష రోజున తెల్లకాగితం ఇచ్చి వస్తాడు.

ఆయన పని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం. ఊరందరికీ చూపు సరిచేస్తారు. అన్నయ్య విషయంలో మాత్రం ఆయనకే సరైన అద్దం దొరకలేదు.

ఆ అన్నయ్యగారి ఇంట్లోనే, అంటే మా బావగారింట్లోనే, పెళ్ళయినప్పట్నుంచీ ఉంటున్నాం. అదీ అద్దె ఇల్లే. అద్దెలో సగం మాది. గదుల్లో మాకు దక్కింది మాత్రం వంటింటి పక్కనున్న సామాన్ల గది. తలుపు సగమే తెరుచుకుంటుంది, వెనక పనిచేయని ఫ్రిజ్జు ఉంది కాబట్టి. మంచం దిగాలంటే ఒకరి తర్వాత ఒకరు దిగాలి. ఇద్దరం ఒకేసారి కోపంతో లేచి వెళ్ళిపోయే సౌకర్యం కూడా లేదు.

ఫ్రిజ్జు సంగతి అడిగితే బావగారు, "సర్దుకోండమ్మా" అన్నారు. నీళ్ళు రాకపోతే సర్దుకోవాలి. చుట్టాలొస్తే మా మంచం వాళ్ళకిచ్చి హాల్లో సర్దుకోవాలి. బావగారికి డ్రైవింగ్ స్కూలు ఉంది. అక్కడ కారు మూలపడితే ఫోన్ వస్తుంది, "ఒరేయ్ తమ్ముడూ, కాస్త సర్దరా" అని. మేం సర్దుకుంటే ఓర్చుకోవడం, మా ఆయన సర్దితే ఇచ్చుకోవడం. ఇచ్చింది తిరిగి రావడమనే అర్థం ఆ మాటకి మా ఇంటి నిఘంటువులో లేదు. ఎప్పుడు అడిగినా మా ఆయన, "పోనీలే, అన్నయ్యే కదా" అంటారు.

గత సోమవారం ఒక ఇల్లు చూశాం. బైండింగ్ షాపు పైన రెండు గదులు. యజమాని రిటైరైన నర్సు. కిటికీలోంచి పక్కింటి నీళ్ళట్యాంకు తప్ప ఏమీ కనబడదు. నాకు ఆ ట్యాంకు కూడా అందంగానే ఉంది. పడగ్గది తలుపు తీసి, మూసి, మళ్ళీ తీశాను.

"తలుపు బాగానే ఉందమ్మా," అన్నారు నర్సమ్మగారు అనుమానంగా.

"అందుకేనండీ తీస్తున్నాను. గోడ దాకా వెళ్తోంది."

ఆవిడకి నా మీద జాలేసిందో భయమేసిందో గానీ, మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఆదివారం ఉదయం పదింటికల్లా ఇస్తే ఇల్లు మాదేనన్నారు. ఆ తర్వాత వేరేవాళ్ళు వరసలో ఉన్నారట.

డబ్బు ఉంది. అది నా జీవితంలో మొదటిసారి అనగలిగిన మాట. రెండేళ్ళు యూనిఫారం షాపువాడికి ప్యాంటు అంచులు కుట్టాను. ఈ ఊళ్ళో ఏ పిల్లాడు స్కూలుకి పరిగెత్తినా వాడి మడమల దగ్గర నా చేతిపని ఉంటుంది. ఆయన అదనపు గంటలు పనిచేశారు. చివరికి తక్కువైన దానికి తన మోటారు సైకిల్ అమ్మేసి, షాపుకి నడిచి వెళ్తున్నారు. అంతా ఆయన ఖాతాలో వేశాం. పిల్లిని పాలకి కాపలా పెట్టానని అప్పుడు తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం గదిలో కూర్చుని గాజు గ్లాసులు పాత కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దుతున్నాను. బయట వ్యాను ఆగితే, గ్లాసు చేత్తోనే హాల్లోకి వచ్చాను. ఇద్దరు మనుషులు రొప్పుకుంటూ ఒక సోఫాని హాల్లోకి మోసుకొచ్చారు. ముగ్గురు కూర్చునేది, ముదురు ఎరుపు రంగుది, ఒంటి నిండా ప్లాస్టిక్ కవరు. బావగారు వెళ్ళి మధ్యలో కూర్చున్నారు. కవరు కిర్రుమంది.

"ఎలా ఉందమ్మాయ్?"

"బాగుంది బావగారూ. ఎంతైంది?"

"అదంతా తమ్ముడే చూసుకున్నాడు," అన్నారు, సోఫా చేతిని నిమురుతూ.

నా చేతిలో ఇంకా ఒక గ్లాసు ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. విసరకుండా పెట్టడమే ఆ రోజు నేను చేసిన కష్టమైన పని. గదిలోకొచ్చి ఆయనకి ఫోన్ చేశాను. వెనక అద్దాలు అరిగే రొద.

"ఏవండీ, సోఫాకి డబ్బెవరిచ్చారు?"

రొద ఆగింది. ఆరేళ్ళలో నా ఫోన్ కోసం ఆయన మిషను ఆపడం అదే మొదలు.

"అన్నయ్య సర్దమన్నాడు..."

"ఏ డబ్బు?"

"అదే... రెండు నెలల్లో ఇచ్చేస్తానన్నాడు. రేపటికి నేను ఎక్కడో అక్కడ..."

"ఎక్కడ? ఇంకో మోటారు సైకిలుందా మనకి? నేనిక్కడ గ్లాసులు సర్దుతుంటే మీరక్కడ డబ్బు సర్దేశారన్నమాట. మొగుడూ పెళ్ళాలు ఒకే పూట ఒకే పని. ఎంత అన్యోన్యమో!"

"కోప్పడకు..."

"నేను కోప్పడటం మీరింకా చూడలేదు. ఇంటికి రండి."

హాల్లోకి వచ్చాను. బావగారు అటు చివరా ఇటు చివరా కూర్చుని చూస్తున్నారు.

"బావగారూ, కాస్త లేస్తారా?"

"ఎందుకమ్మాయ్?"

"మా ఇంటి మీద కూర్చున్నారు."

ఆయన నవ్వారు. జోకనుకున్నారు. నా ముఖం చూశాక నవ్వు మానేశారు.

"ఇల్లెక్కడికి పోతుందమ్మా? అది కాకపోతే ఇంకోటి. నలుగురొచ్చే ఇంట్లో కూర్చోడానికి సరైన కుర్చీ లేదు. ఇంకో ఏడాది సర్దుకోండి."

"ఆ డబ్బు దేనికో మీకు తెలుసు. సోమవారం నేనే మీకు చెప్పాను. ఇదే హాల్లో, మీరు కాఫీ తాగుతుంటే."

"చెప్పావు. కాదన్నానా? వాణ్ణడిగాను, వాడిచ్చాడు. అన్నదమ్ముల మధ్య నువ్వెవరు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. నేనెవరు! రెండేళ్ళు సూది గుచ్చుకుని నా చూపుడువేలు ముళ్ళకంప మీద ఆరేసిన గుడ్డలా అయింది, ఆ వేలెవరిది? ఊరందరికీ బ్రేకు ఎక్కడ వేయాలో నేర్పే మనిషి తన నోటికి మాత్రం బ్రేకు పెట్టించుకోలేదు. ఇవన్నీ అనేశాను. వరస తప్పి, మధ్యలో ఫ్రిజ్జుని కూడా తిట్టాను. పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించడం వినబడింది. తగ్గిస్తే తగ్గించారు, వాళ్ళకీ తెలియాలి.

వంటింట్లోంచి మా తోటికోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నా వైపు రాలేదు, బావగారి వైపూ వెళ్ళలేదు. వ్యాను మనిషి ఇచ్చిన బిల్లు బల్ల మీంచి తీసి నా చేతిలో పెట్టింది.

"వెనక చదువు. డిగ్రీ చదివావు కదా."

వెనక చీమల్లాంటి అక్షరాలు. కవరు చింపకుండా, వారంలోపు వెనక్కిస్తే, సరుకు షాపు బండి ఎక్కగానే పూర్తి డబ్బు వాపసు.

మా ఇంట్లో వస్తువుల కవర్లు తియ్యరు. రిమోటు కవర్లోనే ఉంటుంది. మూడేళ్ళ కిందటి కుర్చీలు కవర్లలోనే ఉన్నాయి. వేసవిలో వాటి మీంచి లేస్తే చర్మం కూడా అతుక్కుని వస్తుంది. కొత్తది కొత్తగా ఉండాలని బావగారి సిద్ధాంతం. ఆరేళ్ళు ఆ సిద్ధాంతాన్ని వెక్కిరించిన నాకు, ఆ క్షణాన దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"నువ్వెవరి వైపే?" అన్నారు బావగారు పెళ్ళాంతో.

"నా వైపు. వాళ్ళు వెళ్తే ఆ గది నాకొస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో నాకు తలుపేసుకుని కూర్చునే చోటు లేదు."

"అక్కా, ఆ తలుపు సగమే..."

"సగం చాలు," అంది.

షాపుకి ఫోన్ చేశాను. అవతల ఒక కుర్రగొంతు చాలా మర్యాదగా విని, చాలా మర్యాదగా నా గాలి తీసేసింది. ఎవరి ఫోన్‌లోంచి డబ్బు కట్టారో ఆ సారే చెప్పాలట, చెబితే సాయంత్రానికే బండి పంపుతారట. బిల్లు ఆయన పేరు మీదే ఉందట.

అప్పుడే మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఎండలో ఆ దూరమంతా నడిచి వచ్చారు, చొక్కా ఒంటికి అతుక్కుంది, మోచేతుల దాకా తెల్లటి అద్దాల పొడి. చెప్పులు విప్పుతూ సోఫాని చూశారు, అన్నయ్యని చూశారు, నన్ను చూడటానికి మాత్రం తొందరపడలేదు.

"ఒరేయ్, ఆ ఫోన్ పెట్టించెయ్," అన్నారు బావగారు. "మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పుకో. పరువు తీసేలా ఉంది."

నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను.

"నేనింక మాట్లాడను. ఇల్లు కావాలో సోఫా కావాలో మీరే చెప్పండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. రేపు మీరొచ్చినా రాకపోయినా నా అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. అవెక్కడికి వెళ్తాయో నాకూ తెలీదు."

"హలో, సారేనా?" అంది ఫోన్. "వెనక్కి పంపిస్తున్నారట. కారణం రాసుకోవాలి సార్. రంగు నచ్చలేదా, సైజు ఎక్కువైందా, ఎక్కడైనా చిరిగిందా?"

ఆయన ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకున్నారు.

"రంగు బాగుందండీ," అన్నారు. సోఫాని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసి, "సైజూ సరిపోయింది."

బావగారు హాయిగా వెనక్కి వాలారు. కవరు మళ్ళీ కిర్రుమంది.

"మరి ఏమని రాయమంటారు సార్?"

ఆయన తలెత్తారు. నేను ఆరేళ్ళలో వినని గొంతు వచ్చింది, వంటింటి దాకా, పక్కింటి టీవీ దాకా వెళ్ళే గొంతు.

"తప్పు నాదని రాయండి. అది మా ఆవిడా నేనూ మా ఇంటి అడ్వాన్సుకని దాచుకున్న డబ్బు. తనని అడక్కుండా ఇచ్చేశాను. అన్నయ్యా, లే. నేను తప్పు చేశాను."