పదకొండో పేజీ దాకా

అప్పటికే డొక్క విప్పేసిన చెవిమిషనును మేస్త్రి భూతద్దం కింద పెట్టి, పాత టూత్ బ్రష్షుతో లోపలి పచ్చటి చిలుము గీకుతున్నాడు. అది ఎవరిదీ కాదు. పోయిన ఏడాది ఎవరో పనికిరాదని వదిలేసి వెళ్లినది. చేతులు ఊరుకోవని దాన్ని మూడోసారి శుభ్రం చేస్తున్నాడు.

మేస్త్రికి అరవై ఒకటి. కుడి బొటనవేలి గోరు సోల్డరింగ్ సెగకు గోధుమరంగు తిరిగి, మధ్యలో చీలి ఉంటుంది. ఆ గోరును చూసినవాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారో ఆయనకు తెలియదు. కంపెనీలు తయారీ మానేసిన పాత మోడళ్లను బాగుచేయడం ఆయన పని. ఒక్కో మోడలుకు ఒక్కో పేజీ చొప్పున, పన్నెండేళ్ల పాటు కూర్చుని వెబ్‌సైటులో రెండువందల నలభై పేజీలు రాశాడు. సైజు తెలియాలని ప్రతి ఫోటోలోనూ మిషను పక్కన తన బొటనవేలు పెట్టాడు. చెవి వినపడనివాళ్లు ఫోను చేసి అడగలేరు. సెర్చ్‌లో మోడలు పేరు టైపు చేస్తే చాలు, మొట్టమొదట ఈయన పేజీయే వచ్చేది. మర్నాటికి పార్సిలు కట్టేవాళ్లు.

మూడు నెలల కిందట, సైటుకు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీ మూతపడుతోందని కబురు వచ్చింది. బావమరిది సైటు మొత్తాన్ని వేరే కంపెనీకి మార్చి, కొత్త చిరునామాతో ముచ్చటగా తీర్చిదిద్దాడు. ఆ వారం నుంచి పార్సిళ్లు తగ్గాయి. ఈ నెల అసలు లేవు.

పదింటికి పోస్టుమాన్ గుమ్మం ముందు నుంచే సైకిలు దిగకుండా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. వెనకాలే బావమరిది వచ్చాడు. రెండు రాత్రులు నిద్రలేని మొహం.

"తప్పు దొరికింది బావా," అన్నాడు, స్టూలు లాక్కుని. "పాత పేజీ ఒక్కోదాన్నీ దాని కొత్త పేజీకి మళ్లించాలి. రెండొందల నలభై పేజీలకి రెండొందల నలభై దారులు. నేను బద్ధకించి ఒక్క దారి రాసి, అందర్నీ మొదటి పేజీకి తోసేశాను."

"అంటే చీటీ పట్టుకుని వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, లోపలెక్కడో ఉంది వెతుక్కోమన్నావు."

"అంతే. సెర్చ్ వాడు వచ్చి చూశాడు. అడిగిన మోడలు అక్కడ కనపళ్లేదు. మనల్ని కిందకి నెట్టేశాడు."

"నేనెక్కడికీ పోలేదు కదరా. ఇదే బల్ల, ఇదే కుర్చీ."

"నువ్వు పోలేదు బావా, అడ్రసు పోయింది. నిన్నటికి అన్ని దారులూ సరిచేశాను. కానీ వాడు మళ్లీ నమ్మాలి. నెలలు పట్టొచ్చు."

మేస్త్రి బ్రష్షు కింద పెట్టాడు. "వాడి నంబరుంటే ఇయ్యి. నేను మాట్లాడతాను."

"మాట్లాడ్డానికి అక్కడ మనిషుండడు బావా."

ఆ మాట మేస్త్రికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎవరూ లేనిచోట ఎవరికి కోపం వచ్చినట్టు? ఎవరి కాళ్లు పట్టుకోవాలి? బావమరిది తల వంచుకుని వెళ్లిపోయాడు.

భోజనాల వేళకు పొరుగూరి టీచరమ్మ తన తండ్రిని తీసుకుని వచ్చింది. ఆయన దర్జీ పని మానేసిన పెద్దమనిషి. పదిహేనేళ్లుగా ఆయన మిషనుకు మేస్త్రే వైద్యుడు.

"మీ పేజీ కోసం చాలా వెతికాం అన్నయ్యా," అంది టీచరమ్మ. "దొరకలేదు. పైన కంపెనీవాళ్లది వచ్చింది, ఈ మోడలు ఇక బాగుచేయడం కుదరదని. మీరు మానేశారేమో, లేకపోతే..." అని నాలిక కరుచుకుంది.

లోపలినుంచి మేస్త్రి భార్య అందుకుంది. "పోలేదమ్మా! భోజనానికి రమ్మని గంట నుంచి పిలుస్తుంటే ఉలక్కుండా పలక్కుండా అక్కడే ఉన్నారు."

మేస్త్రి నవ్వి, చెయ్యి చాచాడు. "ఏదీ, పాతది ఇలా ఇవ్వండి."

"చెత్తలో వేసేశాం అన్నయ్యా. పనికిరాదన్నారు కదా అని."

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. దర్జీ జేబులోంచి కొత్త మిషను తీసి ఆ చేతిలో పెట్టాడు. "ఇందులో అంతా రొద," అన్నాడు, అవసరమైనదానికంటే గట్టిగా. "పాతదాంట్లో మా ఆవిడ తిట్లు కూడా అక్షరం అక్షరం వినపడేవి."

కొత్తదాన్ని సరిచేయాలంటే కంపెనీవాడి కంప్యూటరుకు తగిలించాలి. దానికి విప్పడానికి ఒక్క మర కూడా లేదు. మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, గొట్టంలోని గులిమి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చాడు. చేయగలిగింది అదొక్కటే. దర్జీ దాన్ని చెవికి పెట్టుకోకుండా మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

నాలుగింటికి మేస్త్రి కంప్యూటరు ముందు కూర్చుని, దర్జీ పాత మిషను మోడలు పేరు టైపు చేశాడు. సెర్చ్ ఫలితాల్లో మొదటి పేజీ. రెండో పేజీ. బాగుచేయడం కుదరదు, కొత్తది కొనండి. ఐదో పేజీలో ఎవరో తన ఫోటోనే ఎత్తుకుని పెట్టుకున్నారు, గోరు మాత్రం కత్తిరించేసి. పదకొండో పేజీ దాకా వెళ్లాడు. తను ఎక్కడా లేడు.

"టీ చల్లారిపోతోంది," అని భార్య వంటింట్లోంచి కేకేసింది. ఇంకోసారి పిలిచింది. "వచ్చేవాళ్ల బేరాలతో పాటు వాళ్ల చెవుడు కూడా అంటించుకున్నట్టున్నారు," అని విసుక్కుంటూ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తెర వైపే మొహం పెట్టి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేస్తే తల పక్కకు ఒరిగింది.

నాలుగు నెలలకు బావమరిది ఎందుకో, బావ ఆఖరి రోజు తెరమీద ఉండిపోయిన ఆ మోడలు పేరే కొట్టి చూశాడు. మేస్త్రి పేజీ మొట్టమొదట వచ్చింది. ఆ గోరు, ఆ చీలిక. సైటు తీసేద్దామని కూర్చున్నవాడు, చెయ్యి రాక లేచిపోయాడు. అక్కకు చెప్పనూ లేదు.

ఆ వారమే పోస్టుమాన్ సైకిలు దిగాడు. పార్సిలు ఎక్కడో దూరపు ఊరినుంచి వచ్చింది. మేస్త్రి భార్య తాడు విప్పింది. దూది మధ్యలో అగ్గిపెట్టెంత పాత చెవిమిషను, దానికి చుట్టిన కాగితం. 'అయ్యా, వినపడుతోంది గానీ ఆపే బటను పనిచేయడం లేదు. మీ పేజీ చూసి పంపుతున్నాను. తొందరేం లేదు.'

ఆమె దాన్ని ఎలా ఆపాలో తెలియక, దూదితో సహా ఖాళీ బల్ల మీద పెట్టింది. అది సన్నగా ఈల వేస్తూనే ఉంది.