వెనక కౌంటరు

వెర్నా కోల్టర్ వంద మందుచీటీల కట్టకు రబ్బరు బ్యాండు బిగించి, అంచును బల్లకేసి రెండుసార్లు తట్టి సరిచేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ ఇదే తట్టడం. వేళ్ల చివర్లు మాత్రల పొడితో మొద్దుబారిపోయాయి. సాయంత్రానికి చీలమండలు వాచి బూట్ల అంచులు దాటి పొంగుతాయి. అయినా మందుల షాపు యజమాని ఎమ్మెట్ గారి పక్కన, ఆ వెనక కౌంటరు దగ్గర తప్ప మరెక్కడా నిలబడాలని ఆవిడకు ఎన్నడూ అనిపించలేదు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆ నాలుగడుగుల బల్లే ఆవిడ సంసారం.

ఎనిమిది నెలల కిందట ఆ సంసారంలోకి, షాపులో కొత్తగా పనికి చేరిన టామ్సిన్ వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, నోట్లో పుదీనా బిళ్ల చప్పరిస్తూ పని చేస్తుంది. రోగుల మందులకు డబ్బు కట్టే ఇన్సూరెన్సు కంపెనీ వాళ్లు షాపు రికార్డులు చూడటానికి వస్తున్నామని ఉత్తరం పంపినప్పుడు ఎమ్మెట్ గారి ముఖం పాలిపోయింది. నది అవతలి ఊళ్లో ఇలాంటి తనిఖీ తర్వాత ఒక షాపు మూతపడింది మరి. టామ్సిన్ మాత్రం తాపీగా రాష్ట్ర చట్టం కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. రెండు వారాల ముందు చెప్పకుండా రాకూడదట. రాతలో జరిగిన చిన్న పొరపాటుకు మందు డబ్బంతా వెనక్కి గుంజకూడదట. ఎమ్మెట్ గారు కళ్లజోడు తుడుచుకుని, "మా టామ్సిన్ ఉండగా మనకేం భయం," అన్నారు.

మా టామ్సిన్! ముప్పై ఒక్క ఏళ్లలో "మా వెర్నా" అని ఒక్కసారైనా అన్నారా ఆయన? ఆ రోజు నుంచి వెర్నా కడుపు మండుతూనే ఉంది. ఆ పిల్ల నవ్వినా మంటే, నవ్వకపోయినా మంటే. పైగా ఆ పిల్ల "మిస్ వెర్నా" అంటూ మర్యాదగా పిలవడం ఒకటి, తిట్టడానికి కూడా సందివ్వకుండా.

తనిఖీకి వచ్చే ఆడిటర్ అడిగిన నలభై చీటీలు తీసిపెట్టే పని వెర్నాది. తనిఖీ రోజు పొద్దున పదహారో చీటీ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. డాక్టరు రాసిన తేదీ పన్నెండు. కంప్యూటర్లో ఇరవై ఒకటి అని ఉంది, పక్కన టామ్సిన్ పొడి అక్షరాలు. తప్పు కనబడితే ఎమ్మెట్ గారికి ముందే చెప్పడం ఈ షాపు ఆనవాయితీ. వెర్నా చెప్పలేదు. చీటీని తెచ్చి అన్నిటికంటే పైన పెట్టింది. కాఫీ తాగింది. ఎన్నాళ్లకో కాఫీ రుచిగా అనిపించింది.

పది గంటలకు ఆడిటర్ వచ్చాడు. పెల్ అని పేరు, పొడుగాటి మెడ. మొదటి చీటీ చూడగానే అతని పెన్ను ఆగింది. తేదీ తప్పు కాబట్టి మొత్తం తిరిగి కట్టాలన్నాడు. వెర్నా మాత్రలు లెక్కపెట్టే పళ్లెం మీదికి వంగి, చెవులు మాత్రం అటే వేసింది. టామ్సిన్ చెంపలు ఎర్రబడ్డాయి. తప్పు తనదేనని ఒప్పుకుంది. మందు సరైనదే, మనిషి సరైనవాడే, కంపెనీకి నష్టం లేదు, కనుక ఇది రాతలో పొరపాటు మాత్రమేనని చట్టంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. పెల్ రెండుసార్లు చదివి, పెదవి విరిచి తన అభ్యంతరాన్ని కొట్టేసుకున్నాడు. ఎమ్మెట్ గారు ఆ పిల్ల భుజం తట్టారు.

ఆ తట్టడం చూసి వెర్నా ఎనభై రెండు దగ్గర లెక్క తప్పింది.

ఓడినవాడికి ఉక్రోషం ఎక్కువ. అయితే ఈ మందు తీసుకున్నట్టు సంతకం చూపించండన్నాడు పెల్. సంతకాల పుస్తకం తెరిచారు. తేదీ తప్పు పడిన చీటీ మందుకు సంతకం సరిగానే ఉంది. అదే పేజీలో కింద మాత్రం హోబార్ట్ లైల్ పేరుతో ఐదు సంతకాలు, గుండ్రంగా, ముద్దుగా. పెల్ ఒకసారి వాటిని చూశాడు, ఒకసారి చీటీల కట్టల మీద వెర్నా రాసిన రాత చూశాడు. రెండూ ఒక్క చెయ్యే.

హోబార్ట్ కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి రెండేళ్లయింది. గురువారం గురువారం వెర్నా తన ఇంటికి వెళుతూ దారిలో ఆయన మందులు ఇచ్చి, ఓ గంట కబుర్లు చెప్పి, మర్నాడు పుస్తకంలో ఆయన పేరు తనే రాసేది. ఈ ఊళ్లో అది తప్పని ఎవరికీ తోచలేదు, వెర్నాకు అసలే తోచలేదు. ఒకరికి తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే కాబోలు. ఆ తప్పు దాచి, చీటీ పైన పెట్టకపోతే ఈ పేజీ తెరుచుకునేదే కాదు.

దొంగ సంతకమైతే చట్టం అడ్డురాదని, ఈ షాపుతో ఒప్పందమే రద్దవుతుందని పెల్ అన్నాడు. ఎమ్మెట్ గారు కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. టామ్సిన్ వెర్నా వైపు చూసింది, చూసి వెంటనే కళ్లు తిప్పుకుంది. నిరూపించుకోవడానికి నెల గడువుందని, రోగి నుంచి వాంగ్మూలం తెస్తానని మొదలుపెట్టింది.

ఆ పిల్ల దయ మాత్రం వెర్నా భరించలేకపోయింది.

"ఆ సంతకాలు నావి," అంది. "మందులు ఇచ్చిందీ నేనే. ఇంకెవరికీ సంబంధం లేదు."

మధ్యాహ్నం టామ్సిన్ హోబార్ట్ ఇంటికి వెళ్లి, ఆయన చెప్పింది రాసుకుని, నర్సు సాక్షిగా ఎడమచేత్తో గుర్తు పెట్టించుకుని వచ్చింది. ఒక్క మాత్ర కూడా తక్కువ రాలేదని, వెర్నా రాని వారం తనకు తోచదని ఉందందులో. పెల్ ఆ కాగితం తీసుకుని, పైవాళ్లు ఒప్పుకుంటారనే చెప్పి వెళ్లిపోయాడు. షాపు నిలబడింది.

మూసే వేళకు ఎమ్మెట్ గారు వెర్నా దగ్గరకొచ్చి, ముఖం చూడకుండా చెప్పారు.

"రేపట్నుంచి పుస్తకం, వెనక కౌంటరు టామ్సిన్ చూసుకుంటుంది. నువ్వు ముందుకొచ్చెయ్యి వెర్నా. గ్రీటింగు కార్డుల దగ్గర. నీ కాళ్లకీ సుఖం."

"నా కాళ్ల సంగతి మీకిప్పుడు గుర్తొచ్చిందా ఎమ్మెట్ గారూ," అంది వెర్నా. ఆవిడ కోటు తొడుక్కుంది. రేపు ఆవిడ రాదని ఇద్దరికీ తెలుసు.

టామ్సిన్ వెనక సందులో అట్టపెట్టెలు చింపుతోంది. ఆ చీటీ పైన ఎవరు పెట్టారో ఆ పిల్లకు తెలిసే ఉంటుంది. అయినా ఒక్క మాట ఎత్తలేదు. అందుకైనా మంట చల్లారాలి కదా, చల్లారలేదు. వెర్నా కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకునే పాత కాలెండరు కాగితం తగిలింది. అది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. తీసుకుపోతే సరి, కంప్యూటర్లో వెతుక్కోనీ ఆ తెలివైన పిల్లని అనుకుంది. తలుపు దాకా వెళ్లింది. పిడి పట్టుకుని నిలబడింది. అక్కసుగా వెనక్కి తిరిగి, కాగితాన్ని లెక్కపెట్టే పళ్లెంలో పడేసి వెళ్లిపోయింది.

కాగితం మడతల దగ్గర చిరిగి, టేపుతో అతికి ఉంది, వెనకవైపు మందులకు వచ్చేవాళ్ల గురించి వెర్నా గుండ్రని రాత. ఇనెజ్ పార్డీకి చదువు రాదు, అడగొద్దు, సీసా మీద సూర్యుడో చంద్రుడో బొమ్మ వెయ్యాలి. వాల్డో క్రిక్ కు చెవుడు, ఎడమవైపు నిలబడి చెప్పాలి. హోబార్ట్ లైల్ కు ఒంటిచెయ్యి, మూత వదులుగా బిగించాలి, గురువారం.