పది నిమిషాల సడలింపు

బస్సు ఆత్మకూరు స్టాండులో ఆగకముందే మస్తానమ్మ ఫుట్‌బోర్డు మీదికి వచ్చేసింది. పది కావడానికి ఆరు నిమిషాలుంది. తెగిన చెప్పును ఈడుస్తూ ఆఫీసు మెట్లెక్కి, రొప్పుతూనే ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. చెమటకు కుంకుమ కరిగి కనుబొమ మీదికి జారింది. మూడోసారికి గాని హాజరు యాప్ ఆమెను గుర్తుపట్టలేదు. అప్పటికి పదీ రెండు. లేటు పడింది.

యాభై నాలుగేళ్ల టైపిస్టు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడింది లేదు. భర్త చెంచయ్యకు పక్షవాతం వచ్చాక, బుధ, శుక్రవారాలు ఉదయగిరిలో ఇంటి దగ్గరే కూర్చుని పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించేందుకు పాత ఆఫీసరు అనుమతించాడు. మిగతా రోజుల్లో పక్కింటి రామసుబ్బమ్మ ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది. మొన్న సాయంత్రం కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇంటి నుంచి పని ఇక లేదు, రోజూ పదింటికి అందరూ ఆఫీసులో ముఖం చూపాల్సిందే. ఇది మొదటి బుధవారం.

యూనియన్ కార్యదర్శి రాజమోహన్ నల్లబ్యాడ్జీ తెచ్చి ఇచ్చాడు.

"అక్కా, అర్జీలో నీ సంగతే మొదట రాసినాను. నువ్వు ముందర నిలబడాల."

"మీ బావను చూసుకోవాల గదా. ఆ రెండు రోజులు ఇస్తే చాలు నాయనా."

భోజనాల వేళ గేటు ముందు నినాదాలిచ్చారు. చంక దగ్గర జాకెట్టు చిరుగు కనిపిస్తుందని ఆమె పిడికిలిని భుజం దాకానే ఎత్తింది. తర్వాత నాయకులు లోపలికి వెళ్లి, ఇరవై నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చారు.

"పది నిమిషాలు సడలించినారు. ఇయ్యాల నీకు పడిన లేటు గూడా తీసేస్తారక్కా," అన్నాడు రాజమోహన్.

"ఇంటికాడి పని?"

"ఆ మాట ఎత్తొద్దన్నారు. నీ ఒక్కదాని కోసం పట్టుబడితే ఇది గూడా పోయుండేది."

ఎవరో ఆమె చేతిలో మైసూర్‌పాక్ ముక్క పెట్టారు. ఫొటోకు ఆమెనే మధ్యలో నిలబెట్టారు. అప్పుడే రామసుబ్బమ్మ ఫోను చేసింది.

"చెంచయ్య ఇంక లేడు మస్తానమ్మా. నువ్వు రా."

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో జనం పక్కకు జరిగారు. రామసుబ్బమ్మ ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

"పదకొండప్పుడు బెల్లు మోగతానే ఉండింది. నువ్వు నిన్న చెప్పిందే మరిచిపోయినాను. బుధవారం గదా, ఇంట్లోనే ఉండావనుకున్నా."

మస్తానమ్మ వంగి ఆయన పాదాలు కలిపింది. మంచం కోడుకు, ఆయన ఎడమచెయ్యి అందేంత ఎత్తులో, ఆమె తన చేతులతో బిగించిన పాత సైకిల్ బెల్లు ఉంది. రేకంతా తుప్పు పట్టినా, నొక్కీ నొక్కీ మీట మాత్రం నున్నగా మెరుస్తోంది.