మెట్టుగూడ ఇంట్లో ఎవరూ నిలవలేదు

కూతురు హిమజ కొనబోతున్న మెట్టుగూడ ఇంటి లింకు డాక్యుమెంట్లను విమలమ్మ కూడబలుక్కుంటూ చదివింది. చదివాక అన్నం సహించలేదు. ఇల్లు కట్టించిన రైల్వే గార్డు నోవహు, తర్వాత మెహరాజ్, ఆ తర్వాత హరికిషన్, ఇప్పుడు అమ్ముతున్న తిరుమల్. పద్దెనిమిదేళ్లలో నలుగురు. చక్కటి గాలీ వెలుతురూ ఉన్న ఇంట్లో ఐదేళ్లకు మించి ఎవరూ ఉండలేదంటే, లోపల ఎవరో ఉరేసుకొని ఉండాలి. కాకపోతే బావిలో పడి ఉండాలి. ఆ ఇంట్లో బావే లేదంది హిమజ. పూడ్చేసి ఉంటారంది విమలమ్మ.

సోమవారం రిజిస్ట్రేషన్. ఇల్లు ఇద్దరి పేరు మీద తీసుకుంటున్నారు కాబట్టి తల్లి సంతకం లేనిదే పని జరగదు. ఆమేమో పెట్టనంటోంది. తొమ్మిదేళ్లుగా ఇళ్లు చూసి చూసి అలసిపోయిన హిమజ ఆ రాత్రి గది తలుపు వేసుకొని పడుకుంది.

మర్నాడు పొద్దున్నే గుడికని చెప్పి, కాగితాల్లోని చిరునామా పట్టుకొని, విమలమ్మ రాంగోపాల్‌పేట్‌లో మెహరాజ్ ఇంటికి బయల్దేరింది. చేతిలో అరడజను అరటిపండ్లు. చావు జరిగిన ఇంటికి పండ్లు తీసుకెళ్లకూడదని బస్సులో గుర్తొచ్చి వాటిని కొంగు కింద దాచింది.

తలుపు తీసింది మెహరాజే. అందరూ బాగున్నారా అని అడిగితే బాగున్నారంది. మీ ఆయనా అంటే, ఆయనే వచ్చి కూర్చొని, ఆమె కొంగు కింద నుంచి తీసిన పండ్లలో రెండు తిన్నాడు. ఇక దాచలేక విమలమ్మ అసలు సంగతి అడిగేసింది.

"గా ఇంట్ల ఎవరూ సావలే చెల్లే," అంది మెహరాజ్. "స్టేషన్ పక్కకే ఉంటది గదా, రైలు దిగిన సుట్టాలంత మా ఇంటికే. ఒకడు పరీక్ష రాస్తనని వచ్చి ఏడు నెల్లున్నడు. నోవహు సార్ సుత గీ పరేషాన్‌తోనే అమ్మిండు. మాకు మాత్రం ముందు చెప్పలే."

విమలమ్మకు గుండె మీది బండ దిగింది. సోమవారం సంతకం పెట్టేసింది.

గృహప్రవేశానికి కాజీపేట నుంచి ఆడపడుచు సుమిత్ర రెండు సూట్‌కేసులతో దిగింది. "స్టేషన్ గింత దగ్గర్నా వదినా! మోకాళ్లు డాక్టర్‌కు చూపించుకోవాలె. నెల రోజులు ఈడనే ఉంట."

విమలమ్మ ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించింది.

"ఉండు సుమిత్రా, నీ ఇల్లే. కానీ ఈ ఇంట్ల ఇంతకుముందు నలుగురున్నరు. ఒక్కరు సుత ఐదేండ్లు నిలవలే. ఎందుకని మాత్రం నన్నడగకు."

సుమిత్ర అడగలేదు. పాయసం డబ్బాలో పోయించుకొని, నాలుగింటి బండికే వెళ్లిపోయింది.