మన షెడ్డు

ఆఫీసుల్లో కాగితాలు పెట్టుకునే ఫైలు అట్టలు తయారు చేస్తాం మేము. దళసరి అట్టను కోసి, మడత దగ్గర గుడ్డపట్టీ అంటించి, కన్నాలు కొట్టి, నాడా తొడుగుతాం. పదకొండు మంది ఆడవాళ్ళు, నేను, ఒక కోత మిషను. చిన్న పనే. కానీ గవర్నమెంటు ఫైలు పదేళ్ళు కదలకుండా పడుందంటే, ఆ పదేళ్ళూ దాన్ని మోసేది మా అట్టే.

ఈ ఏడాది అట్టల టెండరు చిన్న సంస్థలకే కేటాయించారు. పనివాళ్ళు పాతికమందికి మించకూడదు. వెనక ఏ పెద్ద సంస్థ పెత్తనమూ ఉండకూడదు. టెండరు నాకొచ్చింది. రెండేళ్ళ పని. అది పోతే పదకొండు మందిలో ఆరుగురిని ఇంటికి పంపాలి. ఎవరెవరినో రెండుసార్లు మనసులో అనుకోబోయి, రెండుసార్లూ మధ్యలోనే ఆపేశాను.

రెండో స్థానంలో వచ్చినాయన్ని మేం జిగురాయన అంటాం. అంటుకుంటే ఒక పట్టాన వదలడు. ముందు ఒక మనిషిని కొనేవాడిలాగా మా షెడ్డుకు పంపి తలకాయలు లెక్కపెట్టించాడు. పన్నెండే తేలేసరికి దారి మార్చి, రెండు వందల మంది పనిచేసే మా అన్నయ్య ప్రెస్సుకు నేనొక తోకనని ఫిర్యాదు పెట్టాడు. తలకాయలు లెక్కపెట్టిన రోజునుంచి మా పెద్దక్క తన బల్ల గుమ్మం దగ్గరకి జరుపుకుంది. పనివాళ్ళలో అందరికంటే పెద్దది ఆవిడ, అందుకే అందరికీ పెద్దక్క. ఎవరొచ్చినా ఇనుప స్కేలు అడ్డం పెట్టి “ఎవరి తాలూకు?” అంటుంది. కరెంటు మీటరు చూసేవాడు కూడా పావుగంట ఎండలో నిలబడ్డాడు.

జిగురాయన చూపించిన సాక్ష్యం మా అన్నయ్య ప్రెస్సువాళ్ళు ఏటా వేసే డైరీ. దాని చివరి పేజీలో ‘మన సంస్థలు’ అని మూడు పేర్లున్నాయి. ఒకటి ప్రెస్సు, రెండోది కాగితాల దుకాణం, మూడోది ‘మన అట్టల షెడ్డు’. కింద చిరునామా.

అన్నయ్య ప్రెస్సులో నేను ఏడేళ్ళు కాగితాలు మడిచాను. అట్టల విభాగం నాకప్పగించమని అడిగితే, అట్టలకు కూడా మేనేజరా అని నలుగురిలో నవ్వాడు. ఆ రోజే మానేశాను. నాలుగు నెలల్లో తిరిగొస్తావన్నాడు. పదకొండేళ్ళయింది. షెడ్డు తెరిచినప్పుడు పిలుపు కార్డు పంపితే రాలేదు, ఆ తరవాతా రాలేదు. పైగా చుట్టాల పెళ్ళిళ్ళలో చెల్లెలి చేత షెడ్డు తానే పెట్టించానని చెప్పుకుంటాడని నా చెవినపడుతూనే ఉంది.

నాలుగేళ్ళ కిందట మొదటిసారి ఆ డైరీ మా ఇంటికొచ్చింది. చూడగానే ఒళ్ళు మండాలి కదా? మండలేదు. ‘మన’ అన్న ఆ ఒక్క మాటే పదిసార్లు చదువుకున్నాను. మా అన్నయ్య నోటినుంచి క్షమాపణ అనేది వస్తే అది ఆ రూపంలోనే వస్తుంది. సంతోషం పట్టలేక, కబురు పెట్టి మరో ఇరవై డైరీలు తెప్పించుకుని అట్టలు కొనే ఆఫీసులన్నిటికీ పంచాను. జిగురాయన చేతిలో ఉన్నది నేను పంచినదే. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాక ఇక ఎవరిని తిట్టను?

విచారణ మూడో అంతస్తులో ఒక ఇరుకు గదిలో జరిగింది. కళ్ళద్దాలు తాడుతో మెడకి వేలాడేసుకున్న ఆఫీసరు, ఈ పక్క నేను, ఆ పక్క జిగురాయన, ఆయన వకీలు. గోడవారగా ఇస్త్రీ చొక్కాలో మా అన్నయ్య. ఆయన్నీ పిలిపించారు.

వకీలు ఆ ఒక్క మాటనే పట్టుకుని అరగంట సాగదీశాడు. ‘మా ఇల్లు’ అంటే వినేవాడికి అందులో వాటా లేదని, ‘మన ఇల్లు’ అంటే ఉందని, ఇది బడిపిల్లలకు కూడా తెలుసని చెప్పాడు. స్టాపులో నిలబడి మన బస్సొచ్చిందంటాం, అంతమాత్రాన బస్సు మనదైపోతుందా అని నేనడిగాను. ఆఫీసరు నవ్వాడు గానీ ఏమీ రాసుకోలేదు. మరి అబద్ధమైతే డైరీలు ఎందుకు పంచావని అడిగాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా టెండరు నిలబడాలంటే మా అన్నయ్య నాకేమీ చెయ్యలేదని ఆయన ఎదుటే, పరాయివాళ్ళ ముందు చెప్పాలి. చెప్పకపోతే ఆరుగురు ఇంటికి పోతారు. ఇక అన్నయ్య గాని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నట్టే ఇక్కడా చెప్పుకున్నాడా, అంతటితో సరి.

ఆఫీసరు నన్నొదిలి ఆయన వైపు తిరిగాడు. మిషను మీరిచ్చారా అన్నాడు. లేదన్నాడు అన్నయ్య. పనివాళ్ళను మీరు పెట్టారా? లేదు. ధరలు మీరు చెబుతారా? లేదు. ప్రతి ‘లేదు’కీ ఆయన గొంతు ఒక మెట్టు దిగింది. నేను నేలచూపులు చూస్తూ కూర్చున్నాను.

“షెడ్డు ఎక్కడుంది?” అన్నాడు ఆఫీసరు.

“బస్టాండు వెనక సందులోనండి, ఐసు ఫ్యాక్టరీ పక్కన.” అన్నయ్య తడుముకోకుండా చెప్పాడు.

ఆఫీసరు కళ్ళద్దాలు పెట్టుకుని నా దరఖాస్తు ఒకసారి, డైరీ ఒకసారి చూశాడు. ఆ సందు ఖాళీ చేసి మేం ఆరేళ్ళయింది. ఇప్పుడున్నది రైలు గేటు దగ్గర, టైర్ల కొట్టు పక్కన. డైరీలో వేసింది నేను పంపిన పిలుపు కార్డు మీది చిరునామా. ‘మన’ దగ్గరే ఆగిపోయిన నా కళ్ళు కింది వరుసకి ఏనాడూ దిగలేదు.

“చివరిసారి ఎప్పుడు వెళ్ళారక్కడికి?”

“వెళ్ళలేదండి,” అన్నాడు అన్నయ్య. “ఎప్పుడూ వెళ్ళలేదు.”

“మరి మన షెడ్డని ఎందుకు వేయించారు?”

“బాగా నడుపుతోందండి. నాదని చెప్పుకోవాలనిపించింది.”

వకీలు ఫైలు మూసి నాడా లాగితే అది ఊడి చేతికొచ్చింది. ఆ అట్ట మాది కాదు.

ఎక్కడుందో కూడా తెలియని షెడ్డు మీద పెత్తనం ఎలా చేస్తాడంటూ ఆఫీసరు రాసుకున్నాడు. ఫిర్యాదు కొట్టేస్తున్నానని, ఉత్తర్వు వారంలో వస్తుందని, డైరీలో ఆ వరుస మాత్రం తీసేయించాలని చెప్పాడు. గెలిచాను. గెలిచానన్న సంతోషం కంటే ముందు ఏడుపొచ్చింది. పదకొండేళ్ళు మా అన్నయ్య నా గడప తొక్కకపోవడమే నన్ను గెలిపించింది.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అడుగుల చప్పుడు. ఆ వరుస ఈ ఏడే తీసేయిస్తానన్నాడు అన్నయ్య. తీసెయ్యమన్నాను. ఆఫీసు గేటు దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

“రైలు గేటుకి ఇవతలా, అవతలా?” అన్నాడు.

అవతలన్నాను. నా ఆటోలోనే ఎక్కి, ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు.

షెడ్డు గుమ్మంలో పెద్దక్క స్కేలు అడ్డం పెట్టింది. టెండరు సంగతి వినాలని అందరి కళ్ళూ నా మొహంమీదే ఉన్నాయి గానీ, ఆవిడ పద్ధతి ఆవిడది. ముందు ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఎవరి తాలూకు?”

ఊరందరికీ తన గురించి తానే చెప్పుకునే మనిషి, ఆ చిన్న ప్రశ్నకి నా వైపు చూశాడు.

“మనవాళ్ళే పెద్దక్కా,” అన్నాను. “రానివ్వు.”