సాలమోను ట్యూబాకి ఒక రాగం

రాజోలు బ్యాండు మేళంలో పాతికేళ్లుగా ట్యూబా ఊదుతున్న సాలమోనుకి ఒకటే దిగులు. అంత పెద్ద బాకా మోసి ఏం లాభం? రాగమంతా క్లారినెట్టువాడిది. ఈయనది అడుగున భుం, భుం. ఊరేగింపు అయ్యాక జనం క్లారినెట్టువాణ్ణి మెచ్చుకుంటారు, సాలమోనుని చూసి మాత్రం ఎలా మోస్తున్నారండీ బాబూ అని జాలిపడతారు. ఒళ్లు మండదూ మరి?

అందుకే ఎనభై ఒకటి ఎండాకాలంలో కూతురు ఇందిరకి పెళ్లి కుదరగానే పట్టుబట్టేడు. పెళ్లికూతురు చర్చిలో నడిచి వచ్చేటప్పుడు తన ట్యూబా, బావమరిది సూరిబాబు పిల్లనగ్రోవి, రెండే మోగాలి. రాగం ట్యూబాది. జన్మకో శివరాత్రి అన్నట్టు ఈ ఒక్కసారికి.

సూరిబాబు బడిపంతులు, నెమ్మదస్తుడే గానీ పాట దగ్గర మహా మొండి. ఇద్దరూ రోజూ సాయంత్రం అరుగెక్కి పాటలు ఏరేవారు. క్రిస్మస్ కీర్తన ఎత్తుకుంటే పై స్వరం అందక ట్యూబా దగ్గింది. పెళ్లి కీర్తన మరీ పరుగు మీదుంది, సగానికే ఊపిరి చాలక సాలమోను మొహం కందగడ్డయింది. ఏనుగు చేత ముగ్గు పెట్టించినట్టుందని సూరిబాబు అనేసేడు. దాంతో సాలమోను అలిగి, బావమరిది వస్తే వీపు చూపించి కూర్చున్నాడు.

చివరికి ఇందిరే రాజీ కుదిర్చింది. ఊడ్పుల పాటలా తాపీగా సాగే పాత కీర్తన ఒకటి ఎంచి, రాగం తండ్రికిచ్చి, కింది వంతు మావయ్యకిచ్చింది. సూరిబాబు ఒప్పుకున్నాడు గానీ, పిల్లనగ్రోవితో భుం ఏవిటండీ బావగారూ అని గొణుగుతూనే ఉన్నాడు.

పెళ్లిరోజు చర్చి కిటకిటలాడిపోయింది. తల్లి కృపావతి చెయ్యి పట్టుకుని తెల్లచీరలో ఇందిర గుమ్మంలోకి వచ్చింది. సాలమోను గుండెల నిండా గాలి పట్టి ఊదేడు. మొదటి చరణం ఎంత బాగా పలికిందనీ! జనం తలలు తిప్పి మరీ చూసేరు. సాలమోను ప్రాణం లేచొచ్చింది.

కానీ ఇందిర కదల్లేదు. కాలు ముందుకి పెట్టి మళ్లీ వెనక్కి తీసుకుంది. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీక తండ్రివంక చూసింది. పిల్లనగ్రోవి కింది వంతు అంత జనంలో ఎవరికి వినబడుతుంది? అసలా పిల్ల నడక నేర్చిందే ఇంట్లో ట్యూబా సాధన వింటూ. సాలమోనుకి అది అప్పుడు గుర్తొచ్చింది.

బావమరిదికి కళ్లతో సైగ చేసి, రాగం వదిలేసి, భుం అన్నాడు. పిల్లనగ్రోవి చటుక్కున రాగం అందుకుంది. ఇందిర అడుగు వేసింది. భుం. ఇంకో అడుగు.

భోజనాల దగ్గర జనం సూరిబాబుని ఆకాశానికెత్తేసేరు. ఓ మూల ట్యూబా తుడుచుకుంటున్న సాలమోను పక్కకి ఇందిర వచ్చి కూర్చుంది.

"రాగం మీకే ఇచ్చేం కదా నాన్నా, ఎందుకు వదిలేసేరు?"

"నువ్వు నడవాలి కదమ్మా" అన్నాడు సాలమోను.