లోయలో సగం చీకటి

ఆ చిత్రకారుడికి ఒక అలవాటుంది. గీసిన బొమ్మను దగ్గర్నుంచి నమ్మడు. భార్య దాన్ని రెండు చేతులతో ఎత్తి ఆ గోడ దగ్గర నిలబడాలి, తాను ఈ గోడకు ఆనుకుని కళ్లు చికిలించి చూడాలి. పెళ్లయిన కొత్తలో సరదాగా మొదలైన కొలువు, పోనుపోనూ ఆవిడకు ఊడిగమై కూర్చుంది.

ఆ రోజు ఆయనకు కాలు నిలవడం లేదు. సాయంత్రం ఫ్రేములు కట్టే మనిషి వస్తాడు. ఎన్నో ఏళ్లకు దొరికిన ప్రదర్శనలో నడిమి గోడ ఈ బొమ్మదే: వెన్నెల్లో ఎడారి లోయ. రాళ్లున్నాయి, ఇసుక మడతలున్నాయి, పైన చందమామా ఉన్నాడు. వెన్నెలే లేదు. పెన్సిల్ బొమ్మలో వెన్నెలంటే పెన్సిల్ తగలని కాగితమే కాబట్టి, రబ్బరుతో చెరిపి చెరిపి తెలుపు పెంచాడు. ఎంత చెరిపినా మిట్టమధ్యాహ్నంలాగే ఉంది.

"ఇంకాస్త పైకెత్తు. అబ్బ, వణికించకు!"

"చేతులండీ ఇవి, మేకులు కావు," అందామె. "ఇంతకీ ఇందులో ఏముందో నాకు సరిగ్గా ఎప్పుడు కనిపించింది గనక? నా వైపు ఎప్పుడూ వీపేగా. ఒక్కసారి మీరు పట్టుకోండి, నేను చూస్తాను."

వేరే దారి లేక పట్టుకున్నాడు. ఆమె గోడకు ఆనుకుని, అచ్చం ఆయనలాగే కళ్లు చికిలించింది.

"మనం చూసిన లోయేనా ఇది?"

"అదే. ఏం?"

"ఆ రాత్రి ఇన్ని రాళ్లు నాకు కనపడలేదండీ. ఇటువైపు కొండ నీడలో కాలు ఎక్కడ పెట్టాలో తెలీక మీ చొక్కా పట్టుకుని దిగాను. మీరేమో అక్కడ కూడా ఒక్క రాయి వదలకుండా గీశారు."

చూసినవాళ్లు ఔరా అనాలని, నడుం పడిపోయేలా వారాల తరబడి గీసిన రాళ్లవి. కాసేపు వాటినే చూసుకున్నాడు. తర్వాత మెత్తని పెన్సిల్ తీసి ఆ పక్కనంతా నల్లగా పూయడం మొదలుపెట్టాడు. రాళ్లు ఒక్కొక్కటే చీకట్లో కలిసిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. నీడ లోయ మధ్యకు వచ్చేసరికి, అవతలి ఇసుక దానంతటదే వెలిగింది.

బొమ్మను కుర్చీకి ఆనించి ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"ఇంత కన్నున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ బొమ్మ వెనకాల నిలబెట్టానే!" అన్నాడు. "ఈ వెన్నెల నీ చలవే."

"సంబరం చాల్లెండి," అందామె కళ్లు తుడుచుకుంటూ. "ఫ్రేముల మనిషి వచ్చినట్టున్నాడు, తలుపు తియ్యండి."

"ఉండనీ కాసేపు," అన్నాడాయన. "నువ్వింకా తనివితీరా చూడలేదు."